బోర్డులో పట్టని విద్యుత్తు

శనివారం ఉదయం ఏడు గంటలకు పెద్దాయన రెండో కప్పు కాఫీ ముందు కూర్చుని ఆ రోజు పనుల లెక్క చూసుకున్నాడు. ఉన్నది ఒకటే పని. అది పదింటికల్లా అయిపోతుంది. ఆ తర్వాత హాయిగా బాల్కనీలో ఎండకు కుర్చీ వేసుకోవచ్చు. పోనీ ఆ పని కొత్తదా అంటే అదీ కాదు. నలభై ఏళ్లు దుకాణాలకు బోర్డులు రాసిన చెయ్యి ఆయనది. మందుల షాపు మొదలుకొని మోటారు రిపేరు దాకా ఆ చుట్టుపక్కల ఆయన అక్షరం ఎక్కని గుమ్మం లేదు. ఇప్పుడు భార్య చెప్పబోయే పాఠానికి ఒక్క బోర్డు రాసిపెట్టాలి, అంతే.

ఆ భార్యను భవనం నాలుగు అంతస్తుల్లోనూ టీచరమ్మ అనే పిలుస్తారు. ముప్పై ఏళ్లు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పి, ఎనిమిది నెలల క్రితం రిటైరైంది. మొదటి నెల అలమరలు సర్దింది. రెండో నెల ఆ సర్దిన అలమరలే మళ్లీ సర్దింది. ఆ తర్వాత ఏ పనిమీదా మనసు నిలవక, స్కూలు గంట కొట్టే వేళకు మాత్రం తలెత్తి గడియారం వైపు చూసేది. అది చూసినప్పుడల్లా పెద్దాయనకు గుండె కలుక్కుమనేది. పైకి మాత్రం "గడియారం సరిగ్గానే నడుస్తోందిలే" అనేవాడు.

అటువంటి మనిషి బుధవారం నాడు దాదాపు పరుగెత్తుకుంటూ ఇంట్లోకి వచ్చింది. చేతిలో తాళంచెవి. కింది అంతస్తులో ఒక గది ఖాళీగా పడి ఉంది. అందులో ఉండే టైపు ఆఫీసువాళ్లు నేలంతా పరిచిన నైలాను తివాచీని కూడా వదిలేసి ఎప్పుడో వెళ్లిపోయారు. ఆ గదిలో ఆదివారాలు పిల్లలకు సైన్సు ప్రయోగాలు చేయిస్తానని టీచరమ్మ అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శిని అడిగింది. ఆయన ఆ గదిని నీళ్ల మోటారు సామాన్లకు అనుకుంటున్నాడు. మూడు రోజులు ఆలోచించి, చివరికి తాళంచెవి ఇస్తూ ఒక షరతు పెట్టాడు.

"ఒక్క ఆదివారం చూస్తాం టీచరమ్మా. కాగితం మీద ఒక్కటంటే ఒక్క ఫిర్యాదు వచ్చిందా, సోమవారం పొద్దున్నే మోటారు సామాన్లు లోపలికెళ్తాయి. తర్వాత నన్ననుకోకూడదు."

"సైన్సు పాఠం మీద ఫిర్యాదు ఎవరిస్తారండీ?" అని టీచరమ్మ నవ్వేసింది.

మొదటి పాఠం స్థిర విద్యుత్. చలికాలం, గాలి పొడిగా ఉంది, దానికి ఇంతకంటే మంచి రోజులు దొరకవు. కావలసినవన్నీ ఇంట్లో పడి ఉండేవే: దువ్వెన, బెలూను, ప్లాస్టిక్ పైపు ముక్క, ఉన్ని గుడ్డ, చిన్న చిన్న కాగితం ముక్కలు. మూడు రోజులూ టీచరమ్మ ప్రయోగాలన్నీ మొగుడి మీదే చేసి చూసుకుంది. బెలూను ఉన్నికి రుద్ది దగ్గరికి తెచ్చేసరికి ఆయన తలమీద మిగిలిన నాలుగు వెంట్రుకలూ లేచి నిలబడ్డాయి. "పర్వాలేదు, ఇంకా పనికొస్తారు" అంది. ఎనిమిది నెలల తర్వాత ఆవిడ వేళాకోళం చేయడం అదే మొదలు. ఆ గది ఏమైనా సరే ఆవిడ చెయ్యి దాటిపోకూడదని పెద్దాయన ఆ క్షణంలోనే గట్టిగా అనుకున్నాడు.

శనివారం ఉదయం టీచరమ్మ ఒక కాగితం ఆయన చేతిలో పెట్టింది.

"ఇదీ బోర్డు మీద రాయాల్సింది. ఉన్నదున్నట్టు రాయండి. నేను బెలూన్లు కొనుక్కొస్తాను."

"నలభై ఏళ్లు రాశానోయ్. నాకు చెప్తున్నావా?"

"చెప్పకపోతే ఆశ్చర్యార్థకాలు పెడతారు" అంటూ ఆవిడ మెట్లు దిగిపోయింది.

పెద్దాయన బాల్కనీలో నాలుగడుగుల చెక్క పెట్టుకుని కాగితం చదివాడు. చక్కగా ఉంది. స్థిర విద్యుత్ అంటే ఏమిటి, ఘర్షణ వల్ల విద్యుదావేశం ఎలా పుడుతుంది, సజాతి విద్యుదావేశాలు ఎందుకు వికర్షించుకుంటాయి, విజాతి విద్యుదావేశాలు ఎందుకు ఆకర్షించుకుంటాయి, విద్యుత్ ఉత్సర్గం అంటే ఏమిటి, తెచ్చుకోవలసిన వస్తువులు ఏవి... మొత్తం పదహారు వరసలు. చెక్క మీద పట్టేవి ఎనిమిది. ఆయన వృత్తిలో ఒక నియమం ఉంది. రోడ్డుకి అవతల నడిచే మనిషి చదవలేని అక్షరం రాసినా ఒకటే, రాయకపోయినా ఒకటే. అందుకని అక్షరం బెత్తెడుకు తగ్గడానికి వీల్లేదు. తగ్గాల్సింది మాటలే.

వెతికితే ఆయనకు దొంగ దొరికాడు. 'విద్యుత్' అన్న మాట ఆ కాగితంలో ఏడు చోట్ల ఉంది. మందుల షాపు బోర్డు మీద ప్రతి వరసలోనూ 'మందులు' అని రాస్తారా? ఒకచోట రాస్తే లోకానికి తెలుస్తుంది. ఆయన ఆ మాటను ఆరు చోట్ల నిర్దాక్షిణ్యంగా కొట్టేసి, అట్టడుగు వరసలో ఒకచోట మాత్రం ఉంచాడు. తెచ్చుకోవలసిన వస్తువుల జాబితా ఎత్తేశాడు, అడిగినవాళ్లకు నోటితో చెప్పవచ్చు. డబ్బాలో ఎర్ర రంగు ఒక్కటే మిగిలింది కాబట్టి ఎర్ర రంగుతోనే రాశాడు. ఆశ్చర్యార్థకం మాత్రం ఆయన సొంతం. అది లేకపోతే బోర్డు బోడిగా ఉంటుందని ఆయన నమ్మకం.

పదింటికి బోర్డు తయారైంది.

ఆదివారం ఉదయం 10 గంటలకు
కింది గదిలో
ఘర్షణ!
ఆవేశం పుట్టించి చూపబడును
సజాతులు వికర్షించును
విజాతులు ఆకర్షించును
చివర ఉత్సర్గం
(పిల్లలకు విద్యుత్ ప్రయోగాలు)

తడి ఆరాక కిందికి తీసుకుపోయి, అందరూ ఎక్కే దిగే మెట్ల మొదట్లో గోడకు చేర్చాడు. గాలికి పడిపోకుండా అక్కడున్న వెడల్పాటి పూలకుండీని దాని ముందుకు జరిపాడు. మొక్క కొమ్మలు బోర్డు అవతలికి వాలి ఉన్నాయి, కుండీ మాత్రం సరిగ్గా ఒక వరస ఎత్తు ఉంది. అది ఏ వరసో మీరు ఊహించగలరు. పెద్దాయన మాత్రం నాలుగడుగులు వెనక్కి వేసి, కళ్లు చికిలించి, బెత్తెడు అక్షరాలు ఎంత ముద్దుగా ఉన్నాయో చూసుకుని, తృప్తిగా ఎండలోకి వెళ్లిపోయాడు.

ఇక్కడ ఆ భవనం సంగతి కాస్త చెప్పుకోవాలి. అందులో సగం మంది సొంతదారులు, సగం మంది అద్దెవాళ్లు. వారం క్రితం కార్యదర్శి మెట్ల కింద ఉన్న అద్దెవాళ్ల సైకిళ్లన్నిటికీ కలిపి పొడుగాటి ఇనప గొలుసు చుట్టి తాళం వేశాడు. సైకిళ్లు మెట్ల అందం చెడగొడుతున్నాయట. అప్పటినుంచి అద్దెవాళ్లు ఉడికిపోతున్నారు. వాళ్ల తరఫున మాట్లాడేది మొదటి అంతస్తులో ఉండే పళ్ల డాక్టరమ్మ. ఆవిడ సైకిలూ ఆ గొలుసులోనే ఉంది. ఇల్లు టీచరమ్మ పేరు మీద ఉండడం వల్ల పెద్దాయన సంఘం దృష్టిలో సొంతదారూ కాదు, అద్దెవాడూ కాదు. అంచేత ఈ గొడవ ఆయన చెవిదాకా వచ్చినా లోపలికి వెళ్లలేదు.

పదకొండింటికి డాక్టరమ్మ నేరుగా పైకి వచ్చింది.

"అంకుల్, బోర్డు చూశాను. చాలా ధైర్యం చేశారు."

"ధైర్యమేముందమ్మా, చేతిలో ఉన్న పనేగా."

డాక్టరమ్మ గొంతు తగ్గించింది. "రేపు నిజంగానే ఘర్షణ ఉంటుందా?"

"అది లేకపోతే ఎలాగమ్మా? ఘర్షణ లేకుండా ఏదీ రాదు. ఊరికే దగ్గర కూచుంటే ఎన్నేళ్లైనా కదలదు. గట్టిగా పట్టుకుని రుద్దాలి."

"నేనూ మావాళ్లకి అదే చెప్తున్నా అంకుల్, ఎవరూ వినరు! టీచరమ్మగారు ముందుంటారా?"

"అంతా ఆవిడే. నేను బోర్డు వరకే."

"ఆవిడ ఇంత దూరం వెళ్తారనుకోలేదు. మేం ఎంతమంది రావచ్చు?"

"ఎంతమందైనా రండమ్మా. జనం ఎంతుంటే ఆవేశం అంత బాగా కనిపిస్తుంది."

"ఏమైనా తెచ్చుకోవాలా?"

పెద్దాయన కొట్టేసిన జాబితా గుర్తు చేసుకున్నాడు. "దువ్వెన తెచ్చుకోండి. ప్లాస్టిక్ పైపు ముక్క ఉంటే ఇంకా మంచిది. మూరెడుంటే చాలు, పట్టుకోడానికి వీలుగా ఉంటుంది. ఇనప పైపులు మాత్రం వద్దు, వాటితో పని జరగదు. ఉన్ని బట్టలు వేసుకోండి."

డాక్టరమ్మ ఒక అడుగు దగ్గరికి జరిగింది. "దెబ్బలు తగులుతాయంటారా?"

"ఛఛ, దెబ్బేమిటమ్మా! చిన్న చురుకు. పిల్లలే నవ్వుతూ తట్టుకుంటారు."

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగినంత పనైంది. ఉన్ని బట్టలు ఒంటిమీద దెబ్బ పడకుండా కాబోలనుకుంటూ, ప్రతి అద్దె ఇంటి తలుపూ తట్టుకుంటూ కిందికి దిగింది.

మధ్యాహ్నం కార్యదర్శి వచ్చాడు. చేతిలో నిఘంటువు ఉంది. ఆయన రిజిస్ట్రారు ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. అర్థం తెలియని మాట కింద వేలు పెట్టడం ఆయనకు అలవాటు.

"ఏవండీ, ఉత్సర్గం అంటే వదులుట, త్యజించుట అని ఉంది ఇందులో. రేపు ఎవర్ని వదిలించుకుంటారు?"

"పేరుకుపోయినదాన్నండీ" అన్నాడు పెద్దాయన, ఎండకు సగం మూసిన కళ్లతో. "ఒకేచోట ఎక్కువసేపు పేరుకుపోతే ఎప్పటికైనా వదిలించుకోవాల్సిందేగా."

తొమ్మిదేళ్లుగా ఒకే పదవిలో ఉన్న కార్యదర్శి మొహం మాడిపోయింది. సైన్సు పాఠమని గది అడిగింది ఇందుకా అనుకున్నాడు.

"సజాతులు వికర్షించును అంటే?"

"ఒకే రకంవాళ్లని పక్కపక్కన పెట్టి చూడండి, ఒకళ్లనొకళ్లు తోసేసుకుంటారు. వేరే రకమైతే వెంటనే అతుక్కుపోతారు. మా ఇంట్లో నిన్ననే చూశాం."

పోయిన సమావేశంలో మైకు కోసం సొంతదారులు తమలో తాము తోసుకున్న సంగతి కార్యదర్శికి గుర్తొచ్చింది. బయటికి పొక్కకూడదనుకున్న విషయం. "ఇదంతా మీకెవరు చెప్పారు?"

"మా ఆవిడే. ముప్పై ఏళ్లుగా కనిపించిన ప్రతి పిల్లాడికీ అదే చెప్తోంది."

"పిల్లలక్కూడానా! సరే, చివర ఎలా వదిలిస్తారు?"

"ఏముందండీ, ఇనుము ముట్టిస్తాం. చిటుక్కున మెరుస్తుంది. అంతే, చల్లబడిపోతారు."

"చల్లబడిపోతారా!"

"పూర్తిగా. మీరు తప్పకుండా రావాలి. ముందు వరసలో కూచోపెట్టి మొదట మీకే చేయిస్తాను."

కార్యదర్శి నిఘంటువును గుండెలకు హత్తుకుని వెనక్కి వెనక్కి నడిచాడు. గుమ్మం దగ్గర ఆగి, "వస్తాను. ఒంటరిగా మాత్రం రాను. సొంతదారులందర్నీ తీసుకునే వస్తాను" అన్నాడు.

"అంతకంటేనా!" అన్నాడు పెద్దాయన సంబరంగా.

ఆ సాయంత్రం టీచరమ్మ వెండి రంగు కాగితాన్ని సన్నగా కత్తిరించుకుంటూ ఉంటే, ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని శుభవార్త చెప్పాడు. "డాక్టరమ్మ అద్దెవాళ్లందర్నీ తెస్తానంది. కార్యదర్శి సొంతదారులందర్నీ తెస్తానన్నాడు. గది చాలదేమో చూసుకో."

టీచరమ్మ కత్తెర ఆపింది. "ఊరికే అంటున్నారా?"

"నీ మీద ఒట్టు. బోర్డు అంటే ఏమనుకున్నావు?"

ఆవిడ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. "రేపు బూడిద రంగు చీర కట్టుకుంటాను. ఇన్‌స్పెక్షన్ రోజుల్లో అదే కట్టుకునేదాన్ని" అంది. పెద్దాయన నలభై ఏళ్లలో తాను రాసిన బోర్డులన్నిటిలోకీ ఇదే గొప్పదని తేల్చుకుని నిశ్చింతగా పడుకున్నాడు.

ఆదివారం పదింటికి టీచరమ్మ పిలిచిన పదకొండు మంది పిల్లలు వచ్చారు. అందరికంటే ముందు కార్యదర్శి మనవరాలు వచ్చింది. తొమ్మిదేళ్ల ఆ పిల్లకు భవనంలో ప్రశ్నల పుట్ట అని పేరు. పిల్లలు చెప్పులు బయట విడిచి తివాచీ మీద కూర్చున్నారు. తర్వాత తలుపు పూర్తిగా తెరుచుకుంది. డాక్టరమ్మ వెనకాల అద్దెవాళ్లు ఇరవై మంది వచ్చారు. ఒక్కొక్కరి ఒంటిమీద రెండేసి స్వెటర్లు, చేతిలో మూరెడు ప్లాస్టిక్ పైపు. వాళ్లు కిటికీ వైపు బారుగా నిలబడ్డారు. ఆ వెంటనే కార్యదర్శి, ఆయన వెనక సొంతదారులు, వాళ్ల వెనక ఒక పోలీసు కానిస్టేబులు వచ్చి గోడ వైపు నిలబడ్డారు. చెప్పులు బయట విడవమని టీచరమ్మ అంటే అందరూ విడిచారు. చలికి మేజోళ్లు వేసుకున్న కాళ్లు తివాచీ మీద జరజరా ఈడ్చుకుంటూ సర్దుకున్నారు.

పెద్దాయన పైపులు చూసి మెచ్చుకోలుగా తలూపాడు. పోలీసును చూశాక తలూపడం ఆపాడు.

"మొదలెడదామా?" అంది టీచరమ్మ, బూడిద రంగు చీరలో, చేతిలో దువ్వెనతో.

"ముందు మీరు ఈ పైపుల సంగతి చెప్పండి!" అని కార్యదర్శి గది మధ్యకు వచ్చాడు. ఆవేశంగా అటూ ఇటూ నడవడం ఆయన పద్ధతి. ఉన్ని మేజోళ్లతో తివాచీని నాలుగుసార్లు ఆ కొసనుంచి ఈ కొసకు ఈడ్చాడు. "తొమ్మిదేళ్లు ఈ భవనానికి సేవ చేశాను. నన్ను ఇనుముకి ముట్టించి చల్లబరుస్తారా?"

"మీరు మా సైకిళ్లు కట్టేయలేదా?" అని డాక్టరమ్మ కేక వేసింది. ఆవిడ ఒక చేత్తో కిటికీ ఊచ పట్టుకుని, రెండో చేత్తో ఆయన వైపు వేలు చూపించింది. "ఇన్నాళ్లూ మెతగ్గా ఉన్నాం. ఇక ఉండం!"

"ఎవరికి చూపిస్తున్నారు వేలు?" అంటూ కార్యదర్శి తన వేలు కూడా చాచాడు.

రెండు వేళ్లూ దగ్గరయ్యాయి. చిటుక్కుమని నీలంగా మెరిసింది.

"అమ్మో, కొట్టాడు!" అని డాక్టరమ్మ అరిచింది.

"నేనా? ఆవిడే కొట్టింది!" అని కార్యదర్శి వేలు నోట్లో పెట్టుకున్నాడు. అద్దెవాళ్లు పైపులు ఎత్తారు, సొంతదారులు ఒకరి వెనక ఒకరు దాక్కోబోయి తోసుకున్నారు. కానిస్టేబులు ఈల ఊదాడు.

"ఎవరు ఎవర్ని కొట్టారు? నేను చూస్తూనే ఉన్నా, ఎవరూ ఎవర్నీ ముట్టుకోలేదు!"

"కొట్టింది మనిషి కాదు" అంది టీచరమ్మ. ఆ గొంతు ముప్పై ఏళ్లు యాభై మంది పిల్లల్ని ఒక్క మాటతో కూర్చోబెట్టిన గొంతు. ఎత్తిన పైపులు దిగాయి, నలభై మంది పెద్దలు అప్రయత్నంగా కింద కూర్చున్నారు. "కార్యదర్శిగారు మేజోళ్లతో తివాచీని రుద్దారు. అది ఘర్షణ. దానివల్ల ఆయనకు విద్యుదావేశం వచ్చింది. అది డాక్టరమ్మ వేలిలోకి దూకింది. అదే ఉత్సర్గం."

"మరి డాక్టరాంటీకి ఆవేశం రాలేదా?" అంది ప్రశ్నల పుట్ట.

"వచ్చినా నిలవదు. ఆవిడ కిటికీ ఊచ పట్టుకుని ఉంది కదా, అది ఎప్పటికప్పుడు భూమిలోకి పోతుంది."

కానిస్టేబులు టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. "సజాతి ఆవేశాలు వికర్షించుకొనును, విజాతి ఆవేశాలు ఆకర్షించుకొనును. ఇది ఎనిమిదో తరగతి పాఠం కదండీ! ఈ రెండు ముక్కలూ అప్పజెప్పలేక నేను గోడకుర్చీ వేశాను. బయట బోర్డు చూసినప్పుడే ఎక్కడో చదివినట్టుందనుకున్నా."

"బోర్డు మీద ఏముంది?" అంది టీచరమ్మ మొగుడి వైపు తిరిగి. చేతుల నిండా సామాన్లతో ఎక్కుతూ దిగుతూ ఆవిడ ఆ బోర్డు చదవనే లేదు.

పెద్దాయన బయటికి వెళ్లి, కుండీ జరిపి, బోర్డు ఎత్తుకొచ్చి భార్య ముందు పెట్టాడు. ఆవిడ పైనుంచి కిందిదాకా చదివింది. గదిలో అందరూ చదివారు, ఎనిమిదో వరస మాత్రం మొదటిసారి చదివారు.

"విద్యుత్ ఏది?"

"పట్టలేదు" అన్నాడు పెద్దాయన. నలభై ఏళ్లలో బోర్డు ముందు ఆయన తల దించుకోవడం అదే మొదలు. "ఏడు చోట్ల ఉంటే ఆరు చోట్ల తీసేశాను. తప్పు నాది. ఆవిడకేం తెలీదండీ, ఆవిడ ఉన్నదున్నట్టే రాయమంది. ఫిర్యాదు ఇస్తే నా మీద ఇవ్వండి, గది మీద వద్దు."

ఫిర్యాదు అన్న మాట వినగానే కార్యదర్శి జేబు తడుముకున్నాడు. రాత్రి కూర్చుని రాసిన రెండు పేజీల కాగితం అందులో సిద్ధంగా ఉంది. అందర్నీ హడలగొట్టి పోలీసును కూడా పిలిచాక, అది పిల్లల దువ్వెన పాఠమని ఒప్పుకోవడం కంటే ఆ కాగితం ఇచ్చేయడమే పరువుగా తోచింది. ఆయన దాన్ని బయటికి తీశాడు.

రేపటినుంచి మళ్లీ గంట కొట్టే వేళకు గడియారం వైపు చూసే ఆ మొహం పెద్దాయన కళ్ల ముందు కదిలింది. టీచరమ్మ మాత్రం బతిమాలలేదు.

"మీ ఇష్టమండీ. పాఠం ఇప్పటికే పావుగంట ఆలస్యమైంది. మీరు సంతకం పెట్టేలోపు పిల్లలు ఒక్క ప్రయోగమైనా చూస్తారు" అని దువ్వెన ఎత్తింది. "కాగితం ముక్కలు తీయండర్రా."

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాగితం ముక్కలు తేవాలని బోర్డు మీద లేదు. పెద్దాయన మెల్లగా గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

ప్రశ్నల పుట్ట లేచి తాత దగ్గరికి వెళ్లింది. "తాతయ్యా, ఆ కాగితం ఇవ్వవూ?"

"ఇది చాలా ముఖ్యమైన కాగితమమ్మా."

"ప్రయోగానికి నీ స్వెటరు కూడా కావాలి. ఇది నిజం ఉన్నేనా? టీచరమ్మ చెప్పింది, ఉత్తుత్తి ఉన్నితో సరిగ్గా రాదట. అందుకే భయపడుతున్నావా?"

"ఉత్తుత్తి ఉన్ని అంటావా?" కార్యదర్శికి పౌరుషం పొడుచుకొచ్చింది. "ఇరవై ఏళ్ల స్వెటరు, అసలు సిసలు ఉన్ని! రుద్దు, ఎంత రుద్దుతావో రుద్దు!"

"మరి కాగితం?"

కార్యదర్శి చేతిలోని కాగితాన్ని చూశాడు, మనవరాలి మొహం చూశాడు, తన స్వెటరు చూసుకున్నాడు. తర్వాత రెండు పేజీలనూ నిలువుగా చింపాడు, అడ్డంగా చింపాడు, ఇంకా చిన్నగా చింపాడు. "సన్నగా ఉండాలా, ఇంతుంటే చాలా?" అని టీచరమ్మను అడిగాడు కూడా.

ప్రశ్నల పుట్ట దువ్వెనను తాత స్వెటరుకు పరపరా రుద్ది ముక్కల మీద ఆడించింది. ఫిర్యాదు గాలిలోకి లేచింది. 'తీవ్రంగా' అన్న మాట దువ్వెన పళ్లకు అతుక్కుంది, 'శాంతిభద్రతలు' సగం లేచి కింద పడింది, 'తక్షణమే' అన్నది మాత్రం ఎగిరి కార్యదర్శి స్వెటరుకు కరుచుకుని ఎంత దులిపినా పోలేదు. పిల్లలు పొర్లి పొర్లి నవ్వారు. డాక్టరమ్మ ఆపుకోలేక నవ్వింది. చివరికి కార్యదర్శి కూడా, "చూశారా, అసలు ఉన్ని!" అంటూ నవ్వాడు.

ఆ తర్వాత పాఠాన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఇరవై పైపులు ఇరవై స్వెటర్లకు రుద్దుకున్నాయి. రెండు బెలూన్లు దారానికి కట్టి రుద్దితే ఒకదాన్నొకటి తోసుకున్నాయి. కానిస్టేబులు ఒక్కసారి, ఒక్కసారంటూ ముందు వరసలో పిల్లల మధ్య సర్దుకుని, గోడకుర్చీ నాటి బాకీ తీర్చుకున్నాడు. భూమిలోకి ఆవేశం ఎలా పోతుందో చూపించడానికి పొడుగాటి ఇనప గొలుసు ఒకటి కావాలని టీచరమ్మ అమాయకంగా అంది. కార్యదర్శి ఉత్సాహంలో ఉన్నాడేమో, స్వయంగా వెళ్లి సైకిళ్ల తాళం తీసి గొలుసు తెచ్చిచ్చాడు. పాఠం అయ్యాక ఆ గొలుసును టీచరమ్మ తన సామాన్ల పెట్టెలో భద్రం చేసింది. గది తాళంచెవి మాత్రం ఎవరూ వెనక్కి అడగలేదు.

అందరూ వెళ్లాక పెద్దాయన నేలమీద కాగితం ముక్కలు ఏరుతూ, భార్య వైపు చూడకుండానే, "కోపంగా ఉందా?" అన్నాడు.

"ముప్పై ఏళ్లలో నా పాఠానికి ఇంత మంది ఎప్పుడూ రాలేదు" అంది టీచరమ్మ. తర్వాత దువ్వెన చివరతో ఆయన తలమీద చిన్నగా తట్టింది. "ఈసారి మాత్రం ఒక్క అక్షరం తీసేశారంటే ఊరుకోను."

పెద్దాయన ఒట్టు వేశాడు, ఒట్టు నిలబెట్టుకున్నాడు కూడా. సోమవారం ఉదయం కొత్త చెక్క మీద వచ్చే ఆదివారం పాఠం పేరు పూర్తిగా, 'వాతావరణ పీడనం' అని రెండు మాటలూ బెత్తెడు అక్షరాలతో రాశాడు. ఈసారి అట్టడుగు వరస దాగకుండా కుండీని చెక్క ముందునుంచి తీసేసి, ఎడమ పక్కకు జరిపి, దాని కొమ్మలు మొదటి మాట మీదికి వంగాయని గమనించకుండానే ఎండలోకి వెళ్లిపోయాడు.

సాయంత్రానికల్లా 'పీడనం' పాఠానికి అద్దెవాళ్లందరూ పేర్లు ఇచ్చేశారు.